క్యాంపర్ వ్యాన్‌లో సోలార్: ఇంట్లో పక్కన పెట్టిన ట్యూబులర్ బ్యాటరీ, ఇన్వర్టర్ పనికొస్తాయా?

చక్రాలగూడు:

అందరికీ నమస్కారం. సరుకులు మోసే పాత వ్యాన్ ఒకటి కొని, ఇద్దరం వారాల తరబడి అందులోనే ఉండి పని చేసుకునేలా మార్చుకుంటున్నాము. మంచం, వంటగట్టు, అరలు అయిపోయాయి. గోడలకు ఇన్సులేషన్ పరిచాను గాని, దాని మీద ప్లైవుడ్ ఇంకా బిగించలేదు. వైర్లన్నీ ఆ వెనుక నుంచే వెళ్ళాలి. ఒకసారి మూసేశాక మళ్ళీ విప్పే ఓపిక నాకు లేదు కనుక ముందుగానే మీ సలహా అడుగుతున్నాను.

మా అవసరాలు చెబుతాను. 45 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పగలూ రాత్రీ నడవాలి. ఇద్దరికీ లాప్‌టాప్‌లు ఉన్నాయి, ఒక్కొక్కటి రోజుకు మూడు గంటలు ఛార్జర్ మీద ఉంటుంది. కప్పుకు వెంటిలేషన్ ఫ్యాను ఒకటి, ఎల్ఈడీ దీపాలు నాలుగు, నీళ్ళ పంపు, రెండు ఫోన్లు. పడుకునే చోట గ్యాస్ సిలిండర్ పెట్టుకోవడం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు, అందుకని ఇండక్షన్ స్టవ్ వాడాలని ఉంది.

నేను అనుకున్న ఏర్పాటు ఇలా ఉంది. 150 వాట్ల వంగే ప్యానెళ్ళు రెండు తెచ్చి కప్పు మీద నేరుగా జిగురుతో అంటిస్తాను. ఇంట్లో అయిదేళ్ళు వాడి పక్కన పెట్టిన 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ, దానితోపాటు వాడిన ఇన్వర్టర్ ఉన్నాయి, వాటిని వ్యాన్‌లో పెడతాను. ఇంటి వైరింగ్ చేయించినప్పుడు మిగిలిన 2.5 చ.మి.మీ. రాగి వైరు రెండు చుట్టలున్నాయి, అదే లాగుతాను. 150 ఆంపియర్-అవర్లను 12తో గుణిస్తే 1800 వాట్-అవర్లు వస్తాయి గనుక ఒక రోజుకు సరిపోతుందనీ, మర్నాడు ఎండకు మళ్ళీ నిండుతుందనీ నా లెక్క. ఈ లెక్కలో తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పండి.


ఎండలెక్క:

మొహమాటపడవద్దన్నారు కాబట్టి సూటిగానే చెబుతాను. మీరు ప్యానెల్ నుంచి, బ్యాటరీ నుంచి లెక్క మొదలుపెట్టారు. ఖర్చు నుంచి మొదలుపెట్టాలి. రోజుకు ఎన్ని వాట్-అవర్లు వాడతారో తేలితే బ్యాటరీ ఎంతో తెలుస్తుంది, బ్యాటరీ తెలిస్తే ప్యానెల్ ఎంతో తెలుస్తుంది, ఆ రెండూ తెలిశాకే వైరు మందం తెలుస్తుంది.

మీరు చెప్పిన సామాను మీదే వేసి చూద్దాం. ఆ పరిమాణపు ఫ్రిజ్ కంప్రెసర్ నడిచినంతసేపు దాదాపు 50 వాట్లు తీసుకుంటుంది. అది ఆగి ఆగి నడుస్తుంది కనుక రోజులో 40 శాతం సమయం నడుస్తుందనుకుంటే 480 వాట్-అవర్లు. ఎండలో నిలిపిన వ్యాన్‌లో అదే ఫ్రిజ్ 60 శాతం సమయం నడిచినా ఆశ్చర్యం లేదు, అప్పుడు 720 అవుతుంది. లాప్‌టాప్‌లు సగటున 50 వాట్ల చొప్పున మూడు గంటలు, రెండింటికీ కలిపి 300. ఫ్యాను 20 వాట్లు, ఎనిమిది గంటలకు 160. దీపాలకు 40, ఫోన్లకు మరో 40, పంపు నిమిషాల లెక్కన నడుస్తుంది గనుక 10. మొత్తం 1030; ఎండాకాలంలో 1270. ఇండక్షన్ స్టవ్‌ను ఇందులో నేను చేర్చనేలేదు. 1500 వాట్ల మీద అరగంట వండితే 750, ఇన్వర్టర్‌లో పోయే దానితో కలిపి దాదాపు 850 వాట్-అవర్లు. అంటే అరగంట వంట, మీ మిగతా రోజంతటి ఖర్చుకు దగ్గరగా వస్తోంది.

ఇప్పుడు రాబడి. ప్యానెల్ మీద రాసిన 150 వాట్లు ప్రయోగశాల అంకె: చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ పడుతూ, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పుడు వచ్చేది. రోజు మొత్తం పడిన ఎండను అలాంటి నిండు ఎండ గంటల్లోకి మార్చి చెబుతారు. మంచి రోజున అది నాలుగున్నర గంటలు అనుకుందాం. 300 వాట్లను నాలుగున్నరతో గుణిస్తే 1350. కాని కప్పు మీద ప్యానెల్ బల్లపరుపుగా ఉంటుంది, దుమ్ము పడుతుంది, వేడెక్కుతుంది, వైర్లలో కొంత, కంట్రోలర్‌లో (ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె) కొంత పోతుంది. ఇవన్నీ తీసేసి 70 శాతం మిగులుతుందని పట్టుకోవడం నా అలవాటు. అప్పుడు వచ్చేది 945. స్టవ్ లేకుండానే రోజూ కొంత అప్పు మిగులుతోందన్న మాట. మబ్బు పట్టిన రోజున ఇందులో పావు వంతు కూడా రాకపోవచ్చు. కాబట్టి 400 వాట్ల కన్నా తక్కువకు వెళ్ళవద్దు.

బ్యాటరీ దగ్గర మీ 1800 కాగితం మీద నిజమే, వాడుకలో కాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తూ పోతే త్వరగా చచ్చిపోతుంది. కొత్తదయినా మీకు దక్కేది 900. మీది అయిదేళ్ళు నలిగింది. దాన్ని పూర్తిగా ఛార్జ్ చేసి, తెలిసిన లోడ్ ఒకటి పెట్టి ఎన్ని గంటలు నిలుస్తుందో చూడకుండా 150 అనే అంకెను నమ్మవద్దు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం అయితే 12.8 వోల్టుల 200 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 2560 వాట్-అవర్లు ఉంటాయి, అందులో 80 శాతం నిశ్చింతగా తీసుకోవచ్చు. ఎండ లేకపోయినా మీకు దాదాపు రెండు రోజులు గడుస్తుంది.

ఇంకొక మాట. నేను పైన వేసినవన్నీ అంచనాలే. ఫ్రిజ్ మీ దగ్గర ఇప్పటికే ఉంటే, 12 వోల్టుల సప్లై మీద ఒక వాట్ మీటర్ మధ్యలో పెట్టి 24 గంటలు నడపండి. మీరు పెట్టే సీసాలతో, మీరు తెరిచినన్ని సార్లు తెరుస్తూ చూడండి. ఆ ఒక్క అంకె నా లెక్క మొత్తం కన్నా విలువైనది.


దారిబత్తెం:

ఎండలెక్క గారి అంకెలతో నాకు పేచీ లేదు గాని, అందరినీ వెంటనే లిథియం వైపు తోలడం నాకు నచ్చదు. నా వ్యాన్‌లో మూడేళ్ళు సీల్ చేసిన ఏజీఎం లెడ్ యాసిడ్ బ్యాటరీలే నడిచాయి. దాదాపు రోజూ బండి కదిలేది కాబట్టి అవి సాయంత్రానికల్లా నిండేవి. కథ ఎక్కడ తిరగబడిందంటే, ఒకసారి రెండు వారాలు ఒకే చోట ఉండిపోయాము. లెడ్ బ్యాటరీ 80 శాతం వరకు చకచకా నిండుతుంది. చివరి 20 శాతానికి గంటల తరబడి నెమ్మదిగా తాగుతుంది. ఆ చివరి భాగం పూర్తయ్యేలోగా పొద్దు వాలిపోయేది. రోజూ అరకొరగా నిండిన ఆ బ్యాటరీల పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, తిరిగి వచ్చేసరికి సామర్థ్యం బాగా పడిపోయింది. ఎక్కువగా ప్రయాణం చేసేవారికి లెడ్ ఇప్పటికీ చెడ్డది కాదు. వారాల తరబడి నిలిపి ఉంచేవారికి మాత్రం సోలార్‌తో అది కుదరదు, మీరు ఆ రెండో కోవలోకి వస్తారనిపిస్తోంది.

అయితే ట్యూబులర్ బ్యాటరీ సంగతి వేరు. అది మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసుకునే రకం. ఛార్జింగ్ చివరి దశలో హైడ్రోజన్ వదులుతుంది; గాలిలో ఆ వాయువు 4 శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. మీరు మంచం కింద పెట్టుకుని తలుపులు మూసుకుని పడుకునే చోటు అది. 50 కిలోలు దాటిన బరువు, మలుపుల్లో ఒలికే యాసిడ్, గుంతల రోడ్డు మీద కుదుపులు అన్నీ కలిపి చూస్తే, దాన్ని ఇంట్లోనే ఉంచడం మేలు. ఇంటి ఇన్వర్టర్‌ను కూడా వదిలేయండి. అందులోని ఛార్జర్ లెడ్ బ్యాటరీకి తగ్గట్టు అమర్చినది, కొన్ని పాతవాటిలో సైన్ వేవ్ (ఇంటి కరెంటులా నునుపుగా ఉండే అల) కూడా సరిగా ఉండదు. పైగా ఏ ఇన్వర్టర్ అయినా ఆన్‌లో ఉన్నంతసేపు తనకంటూ కొంత తింటుంది. 10 వాట్లే అనుకున్నా రోజుకు 240 వాట్-అవర్లు, అంటే మీ ఫ్రిజ్ ఖర్చులో సగం. లాప్‌టాప్‌లకు 12 వోల్టుల నుంచే నడిచే కార్ ఛార్జర్లు కొనుక్కుంటే రోజులో చాలాసేపు ఇన్వర్టర్‌ను ఆపి ఉంచవచ్చు.

లిథియం కొనేటట్లయితే ఒక్క జాగ్రత్త మరవకండి: సెల్ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కన్నా తక్కువ ఉన్నప్పుడు దాన్ని ఛార్జ్ చేయకూడదు. అప్పుడు లిథియం లోపలికి ఇంకకుండా ఆనోడ్ మీద లోహంలా పేరుకుంటుంది, ఆ నష్టం మళ్ళీ బాగుపడదు. చలిలో ఛార్జింగ్‌ను తానే ఆపే బీఎంఎస్ (బ్యాటరీ లోపల ఉండి దాన్ని కాపాడే సర్క్యూట్) ఉందో లేదో అడిగి తీసుకోండి. చలి ప్రాంతాల వైపు వెళ్ళకపోయినా సరే, ఇంజన్ దగ్గర, ఎండ తగిలే రేకుకు ఆనించి కూడా పెట్టవద్దు. వేడి దాని ఆయుష్షును మెల్లగా తినేస్తుంది.

మీరెవరూ ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించే యంత్రం) మాట ఎత్తలేదు. ఆ కరెంటును హద్దులో ఉంచి బ్యాటరీకి ఇచ్చే 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ ఒకటి పెడితే గంట ప్రయాణంలో దాదాపు 400 వాట్-అవర్లు వస్తాయి. వాన కురిసే వారంలో మిమ్మల్ని కాపాడేది అదే. లిథియంను మాత్రం రిలేతో నేరుగా ఆల్టర్నేటర్‌కు కలపవద్దు. దాని అంతర్గత నిరోధం చాలా తక్కువ కాబట్టి ఇచ్చినంతా లాగేస్తుంది, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ గాలి సరిగా ఆడని వేళ ఆల్టర్నేటర్ కాలిపోయే దాకా వెళ్ళవచ్చు.


రాగితీగ:

బ్యాటరీ ఏదైనా, మీ పోస్టులో నన్ను భయపెట్టింది ఆ రెండు చుట్టల ఇంటి వైరు. దాని మందం, రకం రెండూ ఇక్కడ పనికిరావు.

ముందు మందం. ఇంట్లో 230 వోల్టులలో అర వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టులలో అదే అర వోల్టు నాలుగు శాతం. లెక్క సులువే: ఒకవైపు పొడవును రెండుతో గుణించి, ఆంపియర్లతో గుణించి, 0.0175తో గుణించి, వైరు చ.మి.మీ.లతో భాగిస్తే దారిలో పోయే వోల్టులు తెలుస్తాయి. నాలుగు మీటర్ల దూరానికి 10 ఆంపియర్లు మీ 2.5 వైరులో పంపితే 0.56 వోల్టులు పోతాయి. అదే 6 చ.మి.మీ. వైరులో 0.23. ఫ్రిజ్‌కూ ప్యానెళ్ళ వైరుకూ ఈ తగ్గుదల 3 శాతం లోపల ఉండేలా చూసుకోండి.

దీన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మొదటి ఏడాది నా ఫ్రిజ్ రోజూ తెల్లవారుజామున ఆగిపోయేది. తలుపు తీస్తే ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ ఉండేది, పాలు విరిగిపోయేవి. బ్యాటరీ పోయిందనుకుని మార్చడానికి సిద్ధపడ్డాను. చివరికి ఒకరోజు నాలుగు గంటలకు లేచి, టార్చి నోట కరచుకుని, మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర చూస్తే 12.2 వోల్టులు ఉంది. అదే క్షణంలో కంప్రెసర్ నడుస్తుండగా ఫ్రిజ్ ప్లగ్ దగ్గర చూస్తే 11.0. మధ్యలో ఉన్నది ఆరు మీటర్ల 1.5 చ.మి.మీ. వైరు, దాని చివర ఒక వదులైన సిగరెట్ లైటర్ సాకెట్. ఆరు ఆంపియర్లకు వైరులోనే 0.84 వోల్టులు పోతున్నాయి, మిగిలింది సాకెట్ మింగుతోంది. బ్యాటరీని కాపాడడానికి పెట్టిన కటాఫ్, బ్యాటరీ ఖాళీ అయిందనుకుని ఫ్రిజ్‌ను ఆపేస్తోంది. 6 చ.మి.మీ. వైరు వేసి, సాకెట్ తీసేసి స్క్రూ టెర్మినల్ పెట్టాక అదే బ్యాటరీతో మరో రెండేళ్ళు నడిపాను.

ఇక రకం. మీ చుట్టలు ఒకే తీగ ఉన్న వైరో, లావు పోగులు కొన్ని ఉన్న వైరో అయితే, బండి కుదుపులకు అది బిగించిన చోట విరుగుతుంది. సన్నని పోగులు చాలా ఉన్న ఫ్లెక్సిబుల్ వైరు తీసుకోండి. వైరు చివర బిగించే లోహపు లగ్‌లను టంకం పెట్టవద్దు, హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కండి. టంకం పోగుల మధ్యకు పాకిన చోట వైరు బిరుసెక్కి, సరిగ్గా అక్కడే తెగుతుంది. రేకు రంధ్రం గుండా వైరు పోయే ప్రతి చోటా రబ్బరు గ్రామెట్ పెట్టండి.

ఫ్యూజ్ సామానును కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. అందుకే అది బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గరగా, జానెడు దూరం లోపల ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజ్‌కూ మధ్య ఉన్న వైరు ముక్కకు ఏ రక్షణా లేదు, ఎక్కడైనా రేకుకు రాసుకుంటే ఆపేవారు ఉండరు. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి. మామూలు బ్లేడ్ ఫ్యూజ్ కరిగినా లోపల ఆర్క్ (ఖాళీని దాటి దూకే కరెంటు మంట) ఆగకుండా మండుతూనే ఉండవచ్చు. ప్రధాన ఫ్యూజ్‌గా క్లాస్-టీ రకం పెట్టండి; అది 20,000 ఆంపియర్ల షార్ట్‌ను కూడా తెంచేలా తయారైనది. మీరు 1000 వాట్ల ఇన్వర్టర్ పెడితే అది 12 వోల్టుల వైపు 90 ఆంపియర్ల పైన లాగుతుంది, దానికి 35 చ.మి.మీ. కేబుల్, మీటరు దాటని పొడవు, 125 లేదా 150 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతాయి. 1800 వాట్ల స్టవ్‌కు ఇదే లెక్క వేసి చూసుకోండి, 160 ఆంపియర్లు దాటుతుంది. ఆ కేబుల్‌ను చేత్తో వంచడమే కష్టం.

ఒక నట్టు గురించి కూడా చెప్పాలి. ఇన్వర్టర్ టెర్మినల్ నట్టు కుదుపులకు పావు చుట్టు వదులైతే ఏమవుతుందో ఒకసారి చూశాను. ఆ అతుకులో నిరోధం ఓముల్లో వందో వంతే అనుకోండి, 80 ఆంపియర్లు పారితే అక్కడ 64 వాట్ల వేడి పుడుతుంది, అదీ గోరంత చోట. వేపిన ప్లాస్టిక్ వాసన వచ్చి మూత తీసేసరికి హీట్ ష్రింక్ స్లీవ్ ముడుచుకుపోయి, రాగి లగ్ ఊదారంగుకు తిరిగి ఉంది. మొదటి సుదూర ప్రయాణం అయ్యాక ప్రతి నట్టునూ స్పానర్‌తో మరోసారి తడిమి చూడండి.


చక్రాలగూడు:

ఎండలెక్క గారికి, దారిబత్తెం గారికి, రాగితీగ గారికి కృతజ్ఞతలు. ట్యూబులర్ బ్యాటరీ, పాత ఇన్వర్టర్, వైరు చుట్టలు మూడూ పక్కన పెట్టేశాను. 200 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ ఇవ్వగలిగినంతా రాబట్టే రకం), 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ తీసుకోవాలని నిర్ణయించాము. స్టవ్ గురించి ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది.

ఇప్పుడు కప్పు దగ్గర చిక్కు వచ్చింది. ఫ్యాను సరిగ్గా మధ్యలో ఉంది. దానికి ముందొకటి, వెనుకొకటి 200 వాట్ల ప్యానెళ్ళు పట్టేటట్లున్నాయి గాని, ఫ్యాను మూత తెరిచినప్పుడు దాని నీడ ఏదో ఒక ప్యానెల్ మీద పడక తప్పదు. నీడ ఉంటే ప్యానెళ్ళను ప్యారలల్‌లోనే (పాజిటివ్‌లు ఒకచోట, నెగటివ్‌లు ఒకచోట) కలపాలని చాలామంది అంటున్నారు. ఇది నిజమేనా? వంగే ప్యానెళ్ళు తేలిక, ఎత్తు కనబడవు, గాలి పట్టవు అని వాటి వైపు మొగ్గాను. వాటి సంగతి ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి అది తప్పు కాదనుకోవచ్చా?


నీడపట్టు:

తప్పే. ఎవరూ అనకపోవడానికి కారణం మీ మిగతా తప్పులు ఇంకా పెద్దవి కావడం (చనువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి).

సిలికాన్ సెల్‌కు ఎండ కావాలి గాని వేడి గిట్టదు. 25 డిగ్రీల మీద ప్రతి డిగ్రీకీ దాని శక్తి 0.35 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. రేకుకు అంటించిన వంగే ప్యానెల్ కింద గాలి ఆడదు. సెల్ 70 డిగ్రీలకు చేరితే 16 నుంచి 18 శాతం అక్కడే పోతుంది. ఆ వేడి రేకు గుండా వ్యాన్ లోపలికీ దిగుతుంది. గట్టి అల్యూమినియం చట్రం ఉన్న ప్యానెల్‌ను కప్పు మీద మూడు నాలుగు సెంటీమీటర్లు ఎత్తి బిగిస్తే కింద గాలి పారుతుంది, ప్యానెల్ చల్లబడుతుంది, పైగా కప్పుకు గొడుగు పట్టినట్టు ఉంటుంది. నేను అంటించిన వంగే ప్యానెల్ రెండో వేసవికే బుడగలు వచ్చి, ఒక సెల్ మీద గోధుమరంగు మచ్చ పడి, రాబడి సగానికి దిగింది. జిగురు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని పీకడానికి రెండు రోజులు పట్టింది, కప్పు రంగు కూడా దానితోపాటే ఊడి వచ్చింది.

నీడ విషయంలో ముందు ఒక పని చేయండి. ప్యానెల్ కొలతలకు అట్టముక్కలు కోసి కప్పు మీద పరచండి. ఫ్యాను మూత తెరిచి పెట్టి, ఉదయం నుంచి సాయంత్రం దాకా గంటకోసారి నిచ్చెన ఎక్కి, నీడ అంచు వెంట సుద్దముక్కతో గీత గీయండి. నేను అలా గీసినప్పుడు, మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు నీడ అరచేయంత కూడా లేదు. తొమ్మిది గంటలకు మాత్రం ప్యానెల్‌లో మూడో వంతు మీద పడుకుని ఉంది. బండిని నిలిపే దిశ మారితే గీతలూ మారతాయి కాబట్టి, ఒక్క దిశలో చూసి తృప్తిపడకండి. ప్యానెల్‌ను 20 సెంటీమీటర్లు వెనక్కి జరపడంతోనే నా సమస్యలో ఎక్కువ భాగం తీరింది.

ప్యారలల్ మాట సగం నిజం. ఆకంత నీడ పడినా, ఆ సెల్ ఉన్న వరుసలో కరెంటు మొత్తం తగ్గిపోతుంది. దాన్ని దాటవేయడానికి ప్యానెల్ వెనుక పెట్టెలో బైపాస్ డయోడ్లు ఉంటాయి, చిన్న ప్యానెళ్ళలో సాధారణంగా రెండు. మీ రెండు ప్యానెళ్ళూ సిరీస్‌లో (ఒకదాని వెనుక ఒకటి గొలుసులా) ఉండి, ఒక దాని మూలన గట్టి నీడ పడిందనుకోండి: ఆ ప్యానెల్‌లో సగం దాటవేయబడి, మిగిలిన సగమూ రెండో ప్యానెలూ పని చేస్తాయి, అంటే నాలుగింట మూడు వంతులు. ప్యారలల్‌లో అయితే నీడ పడిన ప్యానెల్ సగం వోల్టేజీకి దిగి, పక్క ప్యానెల్ వోల్టేజీని అందుకోలేక, దాదాపు ఏమీ ఇవ్వదు. మీకు మిగిలేది సగం. చిన్న గట్టి నీడకు సిరీసే నయమని తేలుతోంది కదా. చెట్టు నీడలా ఒక ప్యానెల్ మొత్తాన్ని పలుచగా కప్పే నీడకు మాత్రం ప్యారలల్ కొంచెం మెరుగు.

నన్ను సిరీస్ వైపు తిప్పిన అసలు కారణం వేడి. 12 వోల్టుల రకం ప్యానెల్ పని చేసే వోల్టేజీ 18 దాకా ఉంటుంది. ఎండకు కాగితే అది 15 దగ్గరకు జారుతుంది. మీ బ్యాటరీ నిండేటప్పుడు 14.2 నుంచి 14.6 వోల్టులు అడుగుతుంది. వైరులో అర వోల్టు పోయాక ఎంపీపీటీ చేతికి మిగిలే తేడా ఎంత? కొన్ని కంట్రోలర్లయితే ప్యానెల్ వోల్టేజీ బ్యాటరీ కన్నా 5 వోల్టులు ఎక్కువ ఉంటే గాని పొద్దున పని మొదలుపెట్టవు. సిరీస్‌లో ఈ బాధ ఉండదు, కరెంటు సగమే కాబట్టి కప్పు నుంచి వచ్చే వైరులో నష్టమూ తక్కువ. గరిష్ఠ వోల్టేజీ మాత్రం చూసుకోవాలి: లోడ్ లేనప్పుడు ఒక్కొక్కటి 24 వోల్టులు ఇచ్చే ప్యానెళ్ళు రెండు కలిస్తే 48, గడ్డకట్టే చలిలో ఇది పది శాతం దాకా పెరిగి 53 అవుతుంది. 100 వోల్టులు, 30 ఆంపియర్ల కంట్రోలర్‌కు ఇది పెద్ద పని కాదు.

బిగింపుకు రంధ్రాలు చేస్తే, చేసిన ప్రతి రంధ్రం అంచుకూ వెంటనే తుప్పు పట్టనివ్వని ప్రైమర్ పూసి, ఆరాక సీలెంట్ వేయండి. చట్రాన్ని జిగురుతో మాత్రమే అంటించేటట్లయితే, కింద ఉన్న పాత రంగు రేకును గట్టిగా పట్టుకుని ఉందో లేదో ముందే చూసుకోండి. జిగురు బలం రంగు బలాన్ని మించదు.


రాగితీగ:

నీడపట్టు గారు చెప్పినదానికి చిన్న చేర్పు. కంట్రోలర్‌కు మొదట బ్యాటరీని కలపండి, తరువాతే ప్యానెల్‌ను. విప్పేటప్పుడు మొదట ప్యానెల్‌ను. చాలా కంట్రోలర్లు బ్యాటరీని చూసి తామెంత వోల్టేజీలో ఉన్నామో తేల్చుకుంటాయి, బ్యాటరీ లేకుండా ప్యానెల్ తగిలితే కొన్ని పాడవుతాయి. ఎండలో కరెంటు పారుతుండగా ఎంసీ4 కనెక్టర్‌ను (ప్యానెల్ వైర్ల చివర ఉండే ప్లగ్) లాగవద్దు. డీసీ ఆర్క్ తనంతట తాను ఆరదు. ప్యానెళ్ళ మీద దుప్పటి కప్పి పని చేయండి, లేదా మధ్యలో డీసీ రేటింగ్ ఉన్న ఐసొలేటర్ పెట్టండి. కలిపే ముందు ప్రతిసారీ మల్టీమీటర్‌తో పాజిటివ్, నెగటివ్ చూసుకోండి. తయారై వచ్చిన వైరులో ఎరుపు నెగటివ్‌కు బిగించి ఉండగా నేను చూశాను.

లిథియం బ్యాటరీ ఎంత మిగిలిందో వోల్టేజీని బట్టి చెప్పడం కుదరదు, అది దాదాపు చివరి దాకా 13 చుట్టూనే నిలబడుతుంది. నెగటివ్ వైపు, బ్యాటరీలోకి వచ్చిపోయే కరెంటును లెక్కపెట్టే షంట్ మీటర్ ఒకటి పెట్టుకోండి. ఏ ఒక్క నెగటివ్ వైరునూ షంట్ గుండా కాకుండా నేరుగా బ్యాటరీకి కలపకండి, కలిపితే అది చూపే శాతం అబద్ధమవుతుంది.


చక్రాలగూడు:

రెండు వారాల తరువాత రాస్తున్నాను. ఎండలెక్క గారు చెప్పినట్టు ఫ్రిజ్‌ను వాట్ మీటర్ మీద 24 గంటలు నడిపాను. మొదటి రోజు 590 వాట్-అవర్లు వచ్చింది. ఫ్రిజ్ వెనుక కండెన్సర్ అరకు ఆనుకుని ఉందని అప్పుడే గమనించాను. అర వెనుక పలకకు కింద, పైన జాలీ కోసి, నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి మళ్ళీ నడిపితే 470కి తగ్గింది. రెండు రోజులూ బయట ఎండ దాదాపు ఒకేలా ఉంది.

సుద్ద గీతలు కూడా గీశాను. వెనుక ప్యానెల్‌ను 15 సెంటీమీటర్లు జరిపితే ఉదయం పది తరువాత నీడ తగలడం లేదు, కాబట్టి గట్టి చట్రం ప్యానెళ్ళు రెండు సిరీస్‌లో పెడుతున్నాము. స్టవ్ విషయంలో రాజీ కుదిరింది: వంట గ్యాస్ మీదే, కాని సిలిండర్ వెనుక తలుపు బయట, కిందికి గాలి పోయే పెట్టెలో. దానితో ఇన్వర్టర్ 600 వాట్లదే చాలింది. 6 చ.మి.మీ. ఫ్లెక్సిబుల్ వైరు, క్రింపర్ వచ్చాయి. ప్లైవుడ్ ఇంకా గోడకు ఆనించే ఉంది, రేపు ఫ్రిజ్ లైను లాగి, కంప్రెసర్ నడుస్తుండగా రెండు చివరలా వోల్టేజీ కొలిచాకే దాన్ని బిగిస్తాను.